గొడుగులో శెనక్కాయలు

"అత్తా, రేపట్నుంచి దినానికొక మూల సర్దుతా," అంది మా కోడలు గంగాదేవి. నా గుండెల్లో రాయి పడింది.

కోడలు ఇల్లు సర్దుతానంటే ఏ అత్తకైనా సంతోషమే కదా, ఈమెకేం పోయేకాలం అనుకుంటున్నారేమో. తొందరపడి నన్ను తిట్టుకోకండి. అప్పటికి మా ఇంట్లో అటక మీది నుంచి గొడ్లపాక దాకా పదకొండు చోట్ల నేను విత్తనపు శెనక్కాయలు దాచి ఉన్నాను. ఎవరికి కనపడకుండా అంటారా? తాళి కట్టిన మొగుడికి కనపడకుండా.

ఆయన పేరు హనుమంతరాయుడు. దేవుడి పేరే పెట్టారు గానీ, బుద్ధి మాత్రం ఆ దేవుడి వెంట లంకకు పోయిన సైన్యం నుంచి వచ్చింది. ఇంట్లో శెనక్కాయలు ఉన్నాయంటే ఆయన చేతులు ఊరుకోవు. పొద్దున లేచి బనియను జేబు నింపుకుంటాడు. మధ్యాహ్నం మళ్ళీ నింపుకుంటాడు. పొద్దు వాలగానే స్నేహితుడు నల్లప్పను పిలిచి, వసారాలో నిప్పులు వేసుకుని, కాయలు కాల్చుకుని, బెల్లం ముక్క కొరుక్కుంటూ దేశం సంగతులు మాట్లాడతాడు. ఇద్దరికీ కలిపి పళ్ళు పదిహేను. ఆ పదిహేనుతో వాళ్ళు నమిలినంత ముప్పై రెండు పళ్ళున్నవాడు కూడా నమల్లేడు.

తిననీలే, తిండి దగ్గర మొగుడికి అడ్డం పడకూడదు అని నేనూ ముప్పై ఏళ్ళు తిట్లతోనే సరిపెట్టాను. కానీ పోయిన ఏడు ఆయన తిన్నది విత్తనం. ఆరుద్ర కార్తెలో పదును వాన పడి, విత్తనం ఒలుద్దామని చూస్తే మూడు మూటల్లో ఒకటిన్నర మిగిలింది. మా పల్లె పావగడ తాలూకాలో, అరసికెరెకు కోసెడు దూరంలో ఉంది. ఇక్కడ మబ్బు కోసం ఆకాశం చూసి చూసి అందరికీ మెడలు పట్టేస్తాయి. అట్లాంటిది ఆ ఏడు రాక రాక వాన వచ్చింది. వచ్చిన వానకు మా దిగువ చేను మాత్రం విత్తుకున్నాం. మిట్టచేను ఎకరంన్నర విత్తనం లేక బీడు పడింది. దాని పక్కనే నల్లప్ప చేను, పచ్చగా, గుబురుగా. మా వసారాలో కూర్చుని మా విత్తనం తిన్నవాడి చేను! నేను ఆ దారిన నడవలేక కంపచెట్ల సందున చుట్టు తిరిగి పోయేదాన్ని. ఒకరోజు ఎవరూ లేనప్పుడు గట్టు మీద కూర్చుని ఏడ్చాను కూడా.

అందుకే ఈ ఏడు, అంటే ఎనభై ఆరు కార్తీకంలో, కాయలు మిల్లుకు పోయిన రోజే మూడు మూటల విత్తనం విడదీసి దాచేశాను. విత్తనం యాడ అని ఆయన అడిగితే, మా అన్న ఇంట్లో పెట్టినా అన్నాను. గదిలో పెట్టి తాళం వేయొచ్చు కదా అంటారు మీరు. మాది మట్టి మిద్దె. ఉన్న గది ఒకటే, అందులో కొడుకు చిన్నన్న, కోడలు. పైగా ఇంటి యజమానికి భయపడి తాళం వేశారంటే ఊరు నవ్వదా?

ఆ మనిషి భయపడేది ఒక్క వెంకటరమణస్వామికే. దానికీ ఒక కథ ఉంది. మా పెళ్ళయిన కొత్తలో మా అత్త స్వామికి ముడుపు కట్టింది. మొక్కు చెప్పుకుని పసుపు గుడ్డలో కట్టిన మూటను, మొక్కు తీరేదాకా ఎవరూ విప్పకూడదు కదా. ఈయన అందులో బెల్లం ఉందని కనిపెట్టి, సందు చూసి, ముడి విప్పి తినేశాడు. బెల్లానిదే తప్పో, స్వామిదే మహిమో గానీ, మూడు రోజులు చెంబు చేత్తో పట్టుకుని చేను గట్టుకూ ఇంటికీ తిరిగాడు. ఆనాటి నుంచి పసుపు గుడ్డ ముడి కనిపిస్తే చాలు, చెంపలు వేసుకుంటాడు.

సరే, గంగాదేవి సంగతికి వస్తాను. వై.ఎన్.హొసకోట పిల్ల. కన్నడంలో ఎస్సెల్సీ దాకా చదివింది. మా ఇంటికి వచ్చి ఏడాది. ఆ పిల్ల గొంతు గట్టిగా నేను విన్నది లేదు. మేమైతే ఉగాదికి ముందు ఒకే రోజు ఇల్లంతా బయట పారేసి, అరుచుకుని, దులిపి, ఎర్రమన్ను అలికి, మళ్ళీ అదే చెత్తను అదే చోట పెట్టేవాళ్ళం. ఈ పిల్ల అట్లా కాదు. మాఘమాసంలోనే మొదలుపెట్టింది. శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు, ఆ పోయే చలిలో పొద్దున్నే కొంగు బిగించి, దినానికి ఒక్క మూల. చప్పుడు ఉండదు, దుమ్ము లేవదు. ఒక్కొక్క సామాను చేతిలోకి తీసుకుని, "అత్తా, ఇది ఉంచుదామా, తీసేద్దామా?" అని అడుగుతుంది.

మొదటి రోజు తలుపు పక్క గూడు. అందులో నుంచి మూడు తాళంకప్పలు వచ్చాయి, ఒక్కదానికీ చెవి లేదు. ఎనిమిదేళ్ళ కిందటి పంచాంగం వచ్చింది. లాంతరు గ్లాసు సగం వచ్చింది.

"మిగతా సగం యాడుండాది అత్తా?"

"దొరుకుతాదిలే, ఉండనీ," అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. తుడిచి పక్కన పెట్టింది. మర్నాడు చూస్తే ఆ సగం గ్లాసు లేదు. నేనూ అడగలేదు. మెత్తగా చేస్తే ఎంత పెద్ద పనైనా తెలియకుండా జరిగిపోతుందని అప్పుడే నాకు అర్థం కావాల్సింది.

మా ఆయన సంబరం చూడాలి. ముప్పై ఏళ్ళలో చీపురు ముట్టని మనిషి నిచ్చెన భుజాన వేసుకుని వచ్చాడు.

"చేయమ్మా, చెయ్యి. ఇల్లంటే అద్దం మాదిరి ఉండాల. అటక మీద గూడా చూడు. బొంతలు దులుపు. ఓటి కుండలుంటే బోర్లించి చూడు, వదలద్దు."

ఓటి కుండలు బోర్లించాలట! నాకు మండుకొచ్చింది. ఆయనకు కావలసింది అద్దం కాదు, మూటలు. మా అన్న ఇంట్లో పెట్టానన్న మాట ఒక్క రోజూ నమ్మలేదు. కార్తీకం నుంచి ముక్కు ఎగబీలుస్తూ ఇల్లంతా తిరుగుతూనే ఉన్నాడు. తాను వెతికితే పోట్లాట, కోడలు వెతికితే శుభ్రం. ముసలోడి తెలివి చూశారా?

"నిచ్చెన యాడ తెచ్చినావో ఆడ పెట్టుప్పా. కింద పడితే నడుము విరుగుతాది," అన్నాను.

"నా నడుము మీద నీకెంత ప్రేమే రామలచ్చుమీ," అన్నాడు.

ఆ రోజు నుంచి నేను కోడలి కంటే ఒక మూల ముందు నడవడం మొదలుపెట్టాను. ఆ పిల్ల బోరింగు దగ్గరకు నీళ్ళకు పోయిన సందులో రేపు సర్దబోయే మూలలోని కాయలు తీసి, నిన్న సర్దేసిన మూలకు మార్చేదాన్ని. అటక మీది కుండలోవి చింతపండు జాడీ అడుక్కు చేరాయి. గొడ్లపాకలో పొట్టు గంపలోవి చిన్నన్న పసిపిల్లాడుగా పడుకున్న తొట్టిలలోకి వచ్చాయి. పాత బొంత కుట్టు విప్పి, అందులో నింపి, మళ్ళీ కుట్టేశాను. ఆ బొంత మీద నేను పడుకుంటే ఒళ్ళంతా గుచ్చుకునేది. ఎవరికీ చెప్పుకోలేను.

అన్నిటికంటే గొప్ప చోటు గొడుగు. మా మామ వాడిన నల్ల గొడుగు, ఆయన పోయినప్పటి నుంచి దూలం మేకుకు వేలాడుతోంది. దాన్ని ముడిచి, లోపల రెండు సేర్ల కాయలు పోసి, పైన దారంతో బిగించి కట్టాను. ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఒకరోజు పొద్దున మా ఆయన నల్లప్ప ఇంటికి బయలుదేరుతూ దూలం వైపు చూశాడు.

"ఎండ ముదిరినట్లుండాది. గొడుగు తీసుకోని పోతా," అన్నాడు.

మాఘమాసంలో, కంబళి కప్పుకుని, ఎండట! చెయ్యి పైకి చాచాడు. నేను పొయ్యి దగ్గర నుంచి అరిచిన అరుపుకు పెరట్లో కోళ్ళు లేచిపోయాయి.

"ముట్టద్దు! మీ నాయన గొడుగప్పా అది! పోయినోళ్ళ గొడుగు పెద్దలకు పెట్టకుండా తెరిస్తే, ఆయప్ప దాని కింద నీడకని వచ్చి నిలబడ్తాడంట!"

అట్లాంటి శాస్త్రం ఎక్కడా లేదు. నోటికొచ్చింది చెప్పాను. మా మామ బతికున్నప్పుడే ఈయనకు ఆయనంటే హడలు. చాచిన చెయ్యి ముడుచుకుని, కంబళి తల మీదికి లాక్కుని వెళ్ళిపోయాడు. గంగాదేవి తలుపు దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. దుమ్ముకు పెట్టుకుందో, నవ్వుకు పెట్టుకుందో నాకు తెలియలేదు.

పది రోజులు గడిచేసరికి నా పని అయిపోవచ్చింది. దుమ్మున్న ఇంట్లో దేన్నైనా దాచవచ్చు. సర్దిన ఇంట్లో సూది కూడా కనపడుతుంది. గూళ్ళలో వస్తువులు వరసగా నిలబడ్డాయి. అటక మీద అటు గోడ నుంచి ఇటు గోడ దాకా చూపు పోతోంది. నా పదకొండు చోట్లు ఏడయ్యాయి, ఏడు అయిదయ్యాయి. మార్చి మార్చి నాకే మతి తప్పింది. ఒకసారి కాయల కోసం ఉప్పు జాడీలో చెయ్యి పెట్టి వెతికాను. లోపల భయం మాత్రం తగ్గలేదు. ఈ పిల్ల ఏదో ఒక మూల "అత్తా, ఇవి ఉంచుదామా?" అని మూట ఎత్తి చూపిస్తుంది. ఆయన వసారాలో నుంచి చూస్తాడు. అంతే, మిట్టచేను మళ్ళీ బీడే.

శివరాత్రి ఇంకా మూడు రోజులుందనగా గంగాదేవి అంది. "అత్తా, హొన్నూరమ్మక్క కోడలికి ఒళ్ళు బాగలేదంట. చూసి రారాదా?"

హొన్నూరమ్మ పక్క పల్లెలో ఉంటుంది, పోయి రావడానికి ఒక పూట పడుతుంది. పోయి చూస్తే ఆ కోడలు బండలా ఉంది, రాగులు విసురుతోంది. నాకు అప్పుడే అనుమానం తగిలింది. మజ్జిగ ఇస్తామన్నా తాగకుండా ఇంటికి వచ్చాను. వసారాలో ఎవరూ లేరు. నేరుగా తొట్టిల దగ్గరకు పోయాను. ఖాళీ. జాడీలో చెయ్యి పెట్టాను, చింతపండే. బొంత తొక్కి చూశాను, మెత్తగా ఉంది! గొడుగు దూలం మేకుకే ఉంది గానీ, శుభ్రంగా తుడిచి, చక్కగా ముడిచి, గాలికి ఊగుతోంది.

అన్నీ పోయాయి. మూడు మూటల విత్తనం. ఎకరంన్నర మిట్టచేను. మళ్ళీ ఏడాదంతా ఆ కంపచెట్ల సందున నడవాలి. నడివాకిట్లో కూలబడి, గుట్ట మీది స్వామి వైపు రెండు చేతులూ ఎత్తి అరిచాను.

"స్వామీ, వెంకటరమణా! నా విత్తనం నాకు దొరికితే ఈయప్ప మీసాలు నీకు ఇచ్చుకుంటా!"

తలనీలాలు ఇస్తామని మొక్కుకుంటారు. ఎవరి తల వాళ్ళది. పక్కవాడి మీసాలు ఇస్తానని మొక్కుకున్న ఆడమనిషి ఈ తాలూకాలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. కోపంలో వచ్చిన మాట, ఏం చేసేది? అప్పుడే గొడ్లపాకలో నుంచి వస్తున్న మా ఆయన విన్నాడు. ముందు రెండు చేతులతో మీసం మూసుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆముదం రాసి పెంచిన మీసం అది.

"నా మీసం నీ అబ్బ సొమ్మా?"

"నా విత్తనం నీ అబ్బ సొమ్మా? అంతా మింగినావు గదప్పా! గొడుగులోవి గూడా వదల్లేదే!"

"గొడుగులో ఉన్నాయా?" ఆయన నోరు తెరుచుకుంది. "గొడుగులోనా?"

"ఏం తెలీనట్లు అడగద్దు! ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంట!"

"నేను తినలేదే! ఈ యేడు ఒక్క కాయ తినలే! యాడ దాచినావో దొరికితే గదా తినేది! కావాలంటే నా నోరు వాసన చూడు!" అని నా ముఖం మీదికి వంగి నోరు తెరిచాడు. వాసన చూశాను. వక్కాకు వాసన తప్ప ఏమీ లేదు. పాపం, ఆ మనిషి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తినకుండానే దొంగయినందుకు కాదు, గొడుగు చేతికి అందీ వదిలేసినందుకు.

"మామా, అత్తా, ఒకసారి లోపలికి రాండి," అని గంగాదేవి మెల్లగా పిలిచింది.

దేవుని గూడు కింద అలికి, ముగ్గు పెట్టి ఉంది. ముగ్గు మీద మూడు మూటలు. ఒక్కొక్క గోనెకు పసుపు నీళ్ళు చల్లి, బొట్టు పెట్టి, మూతికి పసుపు గుడ్డ మూడు ముళ్ళు వేసి కట్టి ఉన్నాయి. ఇంటి నడిమధ్య, అందరి కళ్ళ ముందు. దాచిన చోట్లు వెతికే తొందరలో నేను అటు చూడనేలేదు.

"మూల మూల సర్దుతాంటే విత్తనం కాయలు దొరికినాయి మామా," అంది, తల దించుకుని, వినయంగా. "పోయినేడు మిట్టచేను బీడుపడినందుకు నాకు శానా బాధయింది. అందుకే స్వామికి ముడుపు కట్టినా. విత్తనం ఒలిచే దినమే విప్పుతామని మొక్కుకున్నా. అంతవరకూ ఎవురైనా ముడి విప్పితే..." అని ఆగి, గోడ పక్కనున్న ఇత్తడి చెంబు వైపు చూసింది.

మా ఆయన కూడా చెంబు వైపు చూశాడు. ఆ పాత కథ ఈ పిల్లకు ఎవరు చెప్పారో! నేనే చెప్పి ఉంటాను. ఆయన గబగబా చెంపలు వేసుకుని, మూటలకు మూడు అడుగులు దూరం జరిగి, "గోవిందా, గోవిందా," అన్నాడు. తర్వాత, మొగుడి మీసం మొక్కుకున్న పెళ్ళాం పక్కనే ఉందని గుర్తొచ్చి, దిగులుగా నా వైపు చూశాడు.

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. ముప్పై ఏళ్ళ నుంచి ఈ ఇంట్లో ఒంటరిగా చేస్తున్న యుద్ధంలో నా వైపు ఒక మనిషి వచ్చింది. అదీ ఎట్లాంటి మనిషి! నేను పదకొండు చోట్ల దాచి కాపాడలేనిదాన్ని నట్టింట్లో పెట్టి కాపాడింది. మా ఆయన వసారాలోకి పోగానే ఆ పిల్ల రెండు బుగ్గలు పట్టుకుని, "నా తల్లీ, నువ్వు నా కోడలివి కాదు, నా బంగారానివి," అన్నాను.

గంగాదేవి నా చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టింది. తలుపు దగ్గరకు వేసింది.

"అత్తా, నువ్వు మార్చక మునుపే చూసినా, పదకొండు చోట్ల కాయలుండినాయి. పన్నెండో చోట పొట్టు దొరికింది."

ఒక గుడ్డ మూట తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. తేలిగ్గా ఉంది, నొక్కితే కరకరమంది. విప్పనక్కరలేదు. అది నా దిండులోది.

మీకు పదకొండు చోట్లని చెప్పాను కదా. పన్నెండోది చెప్పలేదు. చెప్పాలనుకోలేదు కూడా. పోయిన ఏడు తక్కువైన ఒకటిన్నర మూటలో ఆయన జేబుల్లోకి పోయిందెంతో, నా దిండు కిందికి పోయిందెంతో స్వామికీ నాకూ తెలుసు. ఆయనది తిండియావ. నాది ఆకలి. కరువు రోజుల్లో రాగిసంగటి కెలికి, ఆయనకు పెట్టి, కొడుకుకు పెట్టి, వచ్చిన వాళ్ళకు పెట్టి చూసుకుంటే గిన్నెకు అంటుకున్నదే నాకు మిగిలేది. వండిన ఆడది చివర తినాలి, ఉన్నదే తినాలి. ఇంకో ముద్ద కావాలని ఎవరిని అడగను? పొద్దు మునిగాక కడుపు గోకేది. ఒక గుప్పెడు కాయలు చప్పుడు కాకుండా ఒలుచుకుని, పొట్టు దిండులోకి తోసేదాన్ని. గుప్పెడే గానీ, రోజూ గుప్పెడు. పగలు ఆయన్ను తిట్టేదాన్ని. గట్టిగా తిడితే నా దొంగతనం నాకే వినపడేది కాదు.

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. కోడలి ముందు ఇంత చిన్నబోవడం కంటే గొడుగు కింద మా మామ వచ్చి నిలబడ్డా బాగుండుననిపించింది.

"మామకు చెప్పను," అంది గంగాదేవి. ఆ తర్వాత పెదవి కొరుక్కుని, "ముడుపు మామ ఒక్కని కోసరమే కట్టలేదత్తా," అంది.

కోడలు అత్తతో ఆ మాట అంటే నాకు కోపం రావాలి. కొంగు నోట్లో కుక్కుకున్నా నవ్వు వచ్చేసింది. నవ్వుతూ ఉండగానే ఏడుపు వచ్చింది. ఆ పిల్ల నా వీపు నిమురుతూ కూర్చుంది. కాసేపటికి లేచి, "ఇంకొక మూల మిగిలింది, వంటింట్లో. అది రేపు సర్దుతా," అంది.

మర్నాడు మధ్యాహ్నం వంటింట్లో నేను ఎప్పటిలాగే పొయ్యి పక్కన, మొగవాళ్ళకు వడ్డించడానికి నిలబడ్డాను. గంగాదేవి సంగటి గిన్నె తెచ్చి నడుమ పెట్టింది. చుట్టూ నాలుగు కంచాలు, మా మాటలో తట్టలు, వేసింది.

"ఏందే ఇది?" అన్నాను. "మొగోళ్ళ బంతిలో నాకు తట్ట యాడిది?"

"సర్దినానత్తా. ఈ తట్ట ఇన్నేండ్లూ ఉండాల్సిన చోట లేదు. ఇదిగో, దీని పక్కన నాది."

ముద్దలు చేసింది. నాలుగూ ఒకే పరిమాణం. మా ఆయన తన ముద్దను చూసుకున్నాడు, అది ఎప్పటి కంటే చిన్నది. నా ముద్దను చూశాడు. చిన్నన్న నోరు తెరవబోయాడు, పెళ్ళాం ముఖం చూసి మూసుకున్నాడు. మా ఆయన తట్ట కొంచెం పక్కకు జరుపుకుని, "కూచో మే, చల్లారిపోతాది," అన్నాడు. నేను కూర్చున్నాను. వేడి సంగటి నోట్లో పెట్టుకుని ఎన్నేళ్ళయిందో! నాలుక కాలింది.

ఇక మీసాల సంగతి. విత్తనం దొరికింది కాబట్టి మొక్కు తీర్చక తప్పదు. ఆయన వారం రోజులు జ్వరమన్నాడు, నడుమన్నాడు. చివరికి శివరాత్రి అయిన తర్వాతి శనివారం గుట్ట ఎక్కి మంగలి ముందు కూర్చున్నాడు. చేయని తప్పుకు మొగుడి మీసం తీయించిన పాపం ఊరికే పోతుందా? నేనూ పక్కన కూర్చుని మూడు కత్తెర్ల జుట్టు ఇచ్చుకున్నాను.

"నువ్వెందుకే?" అన్నాడు, బోడి మూతి తడుముకుంటూ.

"ఊరికే, తోడుకు," అన్నాను. నాలుగు నెలలు నల్లప్ప ఆయన్ను "ఏమత్తా" అని పిలిచాడు.

ముడుపు ముట్టినవాడు లేడు. ఆరుద్ర కార్తెలో పదును పడింది. గంగాదేవి కొబ్బరికాయ కొట్టి, ముళ్ళు విప్పి, మూడు మూటలు నట్టింట్లో పోసింది. వేపాకు వేసి కట్టిందేమో, ఒక్క కాయకు పురుగు లేదు. ఆ పిల్లకు పొలంలో నాగలి వెనక పని ఉంది, వంటింట్లో పని ఉంది. అందుకని ఒలిచే పని మా ఇద్దరికీ పెట్టింది. ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒక షరతు పెట్టింది.

"స్వామి ముడుపు గదా, గోవింద నామం చెప్తా ఒలవాల. ఒకరు ఆపితే ఒకరు, నిలపకూడదు. నేను లోపల వింటా ఉంటా."

గోవిందా అనే నోరు నమల్లేదు కదా! ఎస్సెల్సీ చదివించిన వాళ్ళ నాయనకు ఒక దండం పెట్టాలి. మేమిద్దరం రెండు రోజులు గోవిందలు అంటూ ఒలిచాం. ఆయన ఒకటి, నేను ఒకటి. ఎర్రటి గింజలు చేటలో కుప్పగా పెరుగుతున్నాయి. ఆ కుప్ప చూస్తే నాకు మిట్టచేను కనపడుతోంది, ఈసారి ఆ దారినే నడవవచ్చు. ఆయన కళ్ళు కుప్ప మీద, నా కళ్ళు ఆయన నోటి మీద. ఒక్కటి నోట్లో వేస్తే పట్టుకుందామని కాచుకున్నాను. రెండు రోజులూ ఆ మహానుభావుడు ఒక్క గింజ వేసుకోలేదు.

రెండో రోజు సాయంత్రం చివరి గంప దగ్గర ఉన్నట్టుండి ఇల్లు నిశ్శబ్దమైంది. వంటింట్లో నుంచి గంగాదేవి కేక వేసింది.

"మామా! గోవింద ఆగిందే?"

ఆయన నా వైపు చూశాడు. నా నోట్లో గింజ ఉంది. ఎప్పుడు వేసుకున్నానో ఒట్టు, నాకే తెలియదు. మింగలేను, ఉమ్మలేను. బుగ్గన పెట్టుకుని ఆయన్ను చూస్తూ ఉండిపోయాను. ముప్పై ఏళ్ళు నేను తిట్టిన తిట్లన్నీ ఇప్పుడు ఒక్క మాటతో తిరిగి ఇచ్చేయవచ్చు. ఆయన పైపెదవి మీద కొత్త మీసం తెల్లగా పెరిగి ఉంది. అది కదిలింది, నవ్వే అది. ఆ నవ్వు చూశాక అర్థమైంది, నా దిండు సంగతి ఆయనకు ఏనాడో తెలుసని.

"నేనే ఆపినా తల్లీ, గొంతు పట్టింది," అని లోపలికి కేక వేసి, వరసగా రెండు గోవిందలు అన్నాడు, ఒకటి తనది, ఒకటి నాది.